‘యాదృచ్ఛిక సమితి’: ఏ సమాసం?

టెక్కలి సభ్యురాలు: మాస్టారూ, డిగ్రీ పిల్లల కోసం లెక్కల పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. ‘రాండమ్ సెట్’కు యాదృచ్ఛిక సమితి అని పెట్టాను. మా తమ్ముడు చదివి, ‘అంటే లాటరీ తీసి ఏరిన వాటి సమితా?’ అన్నాడు. వేరే మాట వెతకమంటారా?

బొబ్బిలి మాస్టారు: మాట బాగానే ఉందమ్మా, మీ తమ్ముడు విగ్రహవాక్యం తప్పు చెప్పాడు. లెక్కల పుస్తకాల్లో ‘సమితి’కి ముందుపదం రెండు విధాలుగా అతుకుతుంది. సహజసంఖ్యా సమితి అంటే సహజసంఖ్యల యొక్క సమితి, షష్ఠీ తత్పురుష. శూన్య సమితి అంటే శూన్యమైన సమితి, కర్మధారయం. దీన్ని కూడా షష్ఠిగా విప్పి ‘సున్నాల సమితి’ అన్నామనుకోండి, లోపల ఒక సున్నా వచ్చి కూర్చుంటుంది, ఇక అది శూన్య సమితే కాదు! మీ మాట కర్మధారయం. సభ్యులను చీటీలు వేసి ఏరడం కాదు, సమితే యాదృచ్ఛికం. దాని ఆకారం, మేర, హద్దు ముందుగా చెప్పలేం.

సోంపేట బీలనే, ఆ చిత్తడి నేలనే తీసుకోండి. వానాకాలంలో ఫలానా రోజున నీరు ఎంతమేర పరచుకుంటుందో, ఏ గట్టు దగ్గర ఆగుతుందో, మధ్యలో ఏ దిబ్బ తేలి ఉంటుందో ఎవరు చెప్పగలరు? నీటి లోతు ఒక్కటే అడిగితే జవాబు ఒక సంఖ్య, అది యాదృచ్ఛిక చలరాశి. నీరు నిలిచిన మేర మొత్తం అడిగితే జవాబు ఒక ఆకారం, అది యాదృచ్ఛిక సమితి. ఆకారమే సంభావ్యతకు లోబడి ఉండే ప్రదేశం గురించి రష్యా గణితవేత్త కొల్మొగొరొవ్ 1933లోనే ప్రస్తావించాడు. దాన్ని శాస్త్రంగా నిలబెట్టినవారు 1970లలో ఇంగ్లండులో గణితవేత్త డేవిడ్ కెండల్, ఫ్రాన్సులో జార్జ్ మాతెరాన్. మాతెరాన్ గనుల విద్య చదివినవాడు. ఖనిజాన్ని కోసి చూస్తే లోపల రేణువులూ రంధ్రాలూ అడ్డదిడ్డంగా ఉంటాయి కదా, వాటిని కొలిచే పద్ధతి కోసం పట్టుబట్టాడు. గర్భాం మాంగనీసు రాయి చేతపట్టిన వాళ్లెవరికైనా ఆ చిక్కు తెలుస్తుంది.

టెక్కలి సభ్యురాలు: ఆకారానికి సంభావ్యత ఎలా కడతారు? పాఠంలో నేను అక్కడే ఆగిపోయాను.

బొబ్బిలి మాస్టారు: ఆకారాన్ని నేరుగా పట్టుకోరు. మనకు తెలిసిన ఒక చెక్క నేల తీసుకుని, ‘నీరు దీన్ని తగులుతుందా, తగలదా?’ అని అడుగుతారు. తగిలే సంభావ్యత ఒక సంఖ్య. అలా చిన్నా పెద్దా అన్ని చెక్కలకూ ఆ సంఖ్యలు తెలిస్తే, ఆ యాదృచ్ఛిక సమితి స్వభావం పూర్తిగా తెలిసినట్టే. ఫ్రెంచి గణితవేత్త షోకే 1950లలో ధారణశక్తుల మీద, అంటే సమితులకు కట్టే ఒక రకం కొలతల మీద, చేసిన పని ఈ సిద్ధాంతానికి పునాది. పాఠంలో ‘ఛేదనం (రెంటికీ ఉమ్మడి భాగం) శూన్యం కాకపోవడం’ అని రాసినా, పక్కనే ‘తగలడం’ అని రాయండి. పిల్లలకు అదే గుర్తుంటుంది.

చీపురుపల్లి సభ్యుడు: గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన నేల పక్కనే ఉండి ఇంత సంస్కృతమా! ‘గాలివాటు సమితి’ అంటే పోలేదా అండీ?

బొబ్బిలి మాస్టారు: పంతులుగారు పోరాడింది గ్రాంథిక వ్యాకరణపు సంకెళ్ల మీద గాని, తత్సమాల మీద కాదు బాబూ. గాలివాటం నాకూ ముచ్చటైన మాటే. అయితే ‘గాలివాటుగా చేశాడు’ అంటే లెక్కాపత్రం లేకుండా చేశాడనే ధ్వని వస్తుంది. ఇక్కడ లెక్క పక్కాగా ఉంది. మూడు పొలాలున్నాయనుకోండి. రెండెకరాలది మునిగే సంభావ్యత 0.5, నాలుగెకరాలది 0.25, ఎకరం పల్లపు చెక్కది 0.9. మునిగితే పొలమంతా మునుగుతుందనుకుందాం. వైశాల్యాన్ని సంభావ్యతతో గుణించి కూడండి: 1 + 1 + 0.9. సగటు ముంపు 2.9 ఎకరాలు. ఒక పొలం మునిగితే పక్కదీ మునుగుతుంది కదా అంటారేమో, మునగనివ్వండి, సగటు మారదు. గణితవేత్త రాబిన్స్ 1944లో చెప్పిన సూత్రం ఇదే. కరువు నష్టపరిహారం లెక్కకైనా, తుపాను ముంపుకైనా పనికొస్తుంది.

పైగా యదృచ్ఛ అంటే అరాచకం కాదు. గీత నాలుగో అధ్యాయంలో ‘యదృచ్ఛాలాభసంతుష్టః’ అని ఉంది. కోరకుండా తనంత తాను వచ్చినదానితో తృప్తిపడేవాడని అర్థం. మన అదుపులో లేనిది అన్నంతవరకే ఆ మాట చెబుతుంది.

రాజాం సభ్యురాలు: నేను పంటల సర్వేకు వెళ్తుంటాను. ఎకరానికి ఎన్ని బస్తాలయ్యాయని అడిగితే ‘ఇరవై పాతిక’ అంటారు. ఫారంలో ఒకే గడి, ఒకే అంకె రాయాలి. ఈ ‘ఇరవై పాతిక’ కూడా మీ సమితేనా?

బొబ్బిలి మాస్టారు: భలే పట్టుకున్నారమ్మా! మన జంట సంఖ్యలన్నీ అంతరాలే, అంటే ఇంత నుంచి ఇంత దాకా అనే మేరలే: నాలుగైదు, పదీ పదిహేను. రైతు ఒక అంకె దాచి రెండు చెప్పడం లేదు, తనకు తెలిసినంత మేరే చెబుతున్నాడు. 22 అని మీరు రాస్తే ఆయన అననిది రాసినట్టు. ఒకరు ‘ఇరవై పాతిక’, ఇంకొకరు ‘పద్దెనిమిది ఇరవై’ అంటే కింది కొసలు కలిపి సగం చేయండి, పై కొసలు కలిపి సగం చేయండి: సగటు 19 నుంచి 22.5. సగటు కూడా అంతరమే. ఆర్థికవేత్తలు అంతరాలుగా చెప్పిన ఆదాయాలను ఈ దారిలోనే లెక్కకడుతున్నారు. సమితుల సగటుకు పునాది వేసింది గణితవేత్త ఔమన్, 1965లో. కాకపోతే ఒక తమాషా ఉంది. జవాబు ‘ఇరవై గాని ముప్పై గాని’ అయితే, అలాంటివి రెండు సగటు చేసేసరికి మధ్యలో ఎవరూ అనని 25 పుట్టుకొస్తుంది. ఇంకా కలుపుతూ పోతే నడిమి ఖాళీ అంతా నిండిపోతుంది.

కళింగపట్నం సభ్యుడు: రాడార్ తెర మీద పడవల చుక్కల సంగతి కూడా ఇదేనని విన్నాను.

బొబ్బిలి మాస్టారు: అదేనండీ. ఎన్ని పడవలున్నాయో తెలియదు, ఏది ముందో ఏది వెనకో వరస లేదు, కొన్ని చుక్కలు ఉత్త అల. అందుకే పడవల గుంపు మొత్తాన్ని ఒక పరిమిత యాదృచ్ఛిక సమితిగా తీసుకుంటారు. రోనాల్డ్ మాలర్ 2003లో ఇచ్చిన వడపోత పద్ధతి ఈ దారిదే.

టెక్కలి సభ్యురాలు: అయితే మాట ఉంచేస్తున్నాను. మొదటిసారి వచ్చినచోట ‘యాదృచ్ఛికమైన సమితి’ అని విడదీసి రాస్తే మా తమ్ముడి అనుమానం కూడా తీరుతుంది. ‘చ్చి’నా, ‘చ్ఛి’నా?

బొబ్బిలి మాస్టారు: చకారం కింద ఛ వత్తు. ధర్మం ధార్మికమైనట్టే యదృచ్ఛ యాదృచ్ఛికం. సగం పత్రికలు ఒత్తు ఎగ్గొడతాయి, మీరు ఎగ్గొట్టకండి.