మల్టీమీడియా, వెబ్ డిజైన్ ప్రాజెక్ట్: నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది, సర్వర్‌లో పెడితే సగం ఫొటోలు రావట్లేదు

వలసపిట్ట
అందరికీ నమస్కారం. నేను డిగ్రీ రెండో ఏడాది. ఈ సెమిస్టర్‌లో మాకు మల్టీమీడియా ప్రజెంటేషన్లు, వెబ్ డిజైన్ అని పేపర్ ఉంది. చివర్లో ఒకే టాపిక్ మీద పది నిమిషాలు స్లైడ్లతో మాట్లాడాలి, అదే టాపిక్ మీద ఐదు పేజీల వెబ్‌సైట్ కూడా చేసి చూపించాలి. నేను పక్షుల వలస తీసుకున్నా, చిన్నప్పటి నుంచి నాకు ఇష్టమైన విషయం అది, అందుకే మొన్న ట్రయల్ రివ్యూ అయ్యాక చాలా బాధేసింది.

మొత్తం 32 స్లైడ్లు చేశా, ప్రతి లైనుకీ యానిమేషన్ పెట్టా, పది నిమిషాలయ్యేసరికి 14వ స్లైడ్ దగ్గరే ఉన్నా, అక్కడే ఆపేయమన్నారు. వెబ్‌సైట్ నా ల్యాప్‌టాప్‌లో చక్కగా వచ్చింది కానీ సర్వర్‌లోకి ఎక్కించాక కొన్ని ఫొటోలు వస్తున్నాయి కొన్ని రావట్లేదు, ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమలంత కనిపిస్తున్నాయి. ఇంకా తెలుగు పేజీ ఒకటి చేశా, అందులో తెలుగు బదులు ఏవో పిచ్చి గుర్తులు. సార్ అన్న మాట ఒక్కటే, "కష్టపడ్డావు, కానీ నువ్వేం చెప్పదలచుకున్నావో నాకు తెలియలేదు" అని.

ఇప్పుడు రెండు వారాలు టైముంది. ఇదంతా వదిలేసి రెడీమేడ్ టెంప్లేట్ తీసుకోమంటారా, లేక ఉన్నదే బాగుచేసుకోమంటారా? అన్నలు, అక్కలు కాస్త చెప్పండి.

ట్యాగ్_మూయండి
చెల్లెమ్మా, ఏదీ వదిలేయక్కర్లేదు. ఫొటోల సంగతి ముందు చూద్దాం. రాని ఫొటోల ఫైల్ పేర్లు ఒకసారి చూడు, కెమెరా నుంచి నేరుగా దించుకున్నవైతే చివర జేపీజీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, నువ్వు కోడ్‌లో చిన్న అక్షరాల్లో రాసి ఉంటావు. విండోస్‌కి రెండూ ఒకటే కాబట్టి నీ దగ్గర వచ్చేస్తుంది. వెబ్ సర్వర్లు ఎక్కువగా లినక్స్ మీద నడుస్తాయి, దానికి పెద్ద అక్షరం వేరు చిన్న అక్షరం వేరు, అందుకని ఆ పేరుతో ఫైలే లేదు పొమ్మంటుంది. ఇవాళే కూర్చుని అన్ని పేర్లూ చిన్న అక్షరాల్లోకి మార్చెయ్, మధ్యలో ఖాళీలు ఉంటే తీసేసి అడ్డగీత పెట్టు. అప్పటికీ ఒకటో రెండో రాకపోతే పాత్, అంటే ఫైల్ ఎక్కడుందో కోడ్‌లో రాసిన దారి, చూడు, ఎక్కడో సి డ్రైవ్ అని మొదలయ్యే అడ్రస్ ఉండిపోయి ఉంటుంది, ఆ డ్రైవ్ నీ ల్యాప్‌టాప్‌లో ఉంది గానీ సర్వర్‌లో లేదు కదా.

ఇంకోటి, ఆ ఫొటోలు తీసినవి తీసినట్టే పెట్టావా? 6000 పిక్సెల్స్ వెడల్పు, 4000 ఎత్తు అంటే 2 కోట్ల 40 లక్షల పిక్సెల్స్. పేజీలో దానికి నువ్విచ్చిన చోటు మహా అయితే 800 వెడల్పు. సీఎస్‌ఎస్‌లో, అంటే పేజీ ఎలా కనిపించాలో చెప్పే కోడ్‌లో, చిన్నది చేస్తే కంటికి చిన్నగా కనిపిస్తుందే తప్ప డౌన్‌లోడ్ అయ్యేది మొత్తం ఫైలే. ముందే 1600కి తగ్గించి సేవ్ చేసుకో. ఫొటోలకి జేపీజీ గానీ వెబ్‌పీ గానీ, నువ్వు గీసిన వలస దారి మ్యాప్‌కి ఎస్‌వీజీ, అది బొమ్మని గీతల లెక్కగా దాచే ఫార్మాట్, ఎంత పెద్దది చేసినా గీత చెదరదు. పక్షి ఎగురుతున్నట్టు జిఫ్ పెడదామనుకుంటే వద్దు, ఒక ఫ్రేమ్‌లో 256 రంగులే పడతాయి దాంట్లో, ఆకాశం చారలు చారలుగా వస్తుంది.

ఫోన్‌లో చీమలంత అక్షరాలకి కారణం వ్యూపోర్ట్ మెటా ట్యాగ్, అంటే స్క్రీన్ వెడల్పుకి తగ్గట్టు గీయమని బ్రౌజర్‌కి చెప్పే లైను, లేకపోవడం. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీని 980 పిక్సెల్స్ వెడల్పున్నట్టు అనుకుని గీసి మొత్తాన్ని స్క్రీన్‌లో పట్టేలా కుదించేస్తుంది. హెడ్‌లో, అంటే కోడ్ మొదట్లో పేజీ వివరాలుండే భాగంలో, ఆ ఒక్క లైను చేర్చు, తేడా నీకే తెలుస్తుంది.

బ్లాక్‌బోర్డ్
నేను ఈ సబ్జెక్టే చెప్తుంటానమ్మా. మీ సార్ అన్న మాట చదివితే నాకు అసలు చిక్కు అక్కడే ఉందనిపించింది. ట్యాగులు ఒక పూటలో సర్దుకుంటాయి. నువ్వు వెబ్‌సైట్‌లో రాసిందే తెచ్చి స్లైడ్లలో అతికించావు, అవునా? స్లైడ్ చూసేవాళ్ల ముందు నువ్వు నిలబడి మాట్లాడుతుంటావు. పేజీ చూసేవాళ్ల దగ్గర నువ్వుండవు, వాళ్లు మధ్యలోంచి మొదలుపెట్టొచ్చు, వెనక్కెళ్లొచ్చు, అర నిమిషంలో వెళ్లిపోవచ్చు. అందుకని ఒకే విషయాన్ని రెండుసార్లు రెండు రకాలుగా రాయాలి, ఈ పేపర్‌లో నేర్చుకోవాల్సిందల్లా నా దృష్టిలో ఇదే, సాఫ్ట్‌వేర్ ఏడాదికొకటి మారుతుంది. ఒకప్పుడు వెబ్‌లో యానిమేషన్లకి వాడిన ఫ్లాష్ నేర్చుకున్నవాళ్లని అడుగు, 2020 డిసెంబర్ 31తో దానికి సపోర్ట్ ఆగిపోయింది, ఎవరికి ఏది ఎలా చూపించాలో తెలిసినవాళ్లు మాత్రం ఇంకోదాంట్లో చేసుకుంటున్నారు.

నీ టాపిక్‌తోనే చెప్తా. ఆర్కిటిక్ టెర్న్ గురించి పెట్టే ఉంటావు, ఉత్తర ధ్రువం వైపు నుంచి అంటార్కిటికా దాకా వెళ్లి మళ్లీ వచ్చే పిట్ట. స్లైడ్ మీద ప్రపంచ పటం, దాని మీద ఒక గీత, మూలన "ఏడాదికి 70,000 కి.మీ." అని పెద్ద అక్షరాలు, అంతే. ఆ గీత తిన్నగా కాకుండా ఎందుకు వంకర్లు పోయిందో, గాలివాటం చూసుకుని ఎలా ఎగురుతుందో నువ్వు నోటితో చెప్పు. గీత ఉత్తరం నుంచి దక్షిణానికి మెల్లగా సాగేలా ఒక యానిమేషన్ పెట్టుకో, అది అర్థవంతం, కదలికే నీ టాపిక్ కాబట్టి. అక్షరాలు ఎగిరి వచ్చి పడేవన్నీ తీసెయ్. అదే వెబ్ పేజీలో అయితే ఆ వివరం మొత్తం వాక్యాల్లో రాయాలి, హెడ్డింగులు ఉండాలి, మ్యాప్ కింద అదేంటో చెప్పే లైను ఉండాలి.

ముందు తెల్లకాగితం మీద పది పన్నెండు గళ్లు గీసుకుని ఒక్కో గడిలో ఒక్క మాట రాసుకో, మాట రాయలేకపోయిన గడి కొట్టెయ్. తర్వాత గడియారం పెట్టుకుని గట్టిగా చదువు, మనసులో కాదు, పైకే.

వత్తు_పొల్లు
తెలుగు పేజీ గురించి నేను చెప్తా, నా పని రోజూ దాంతోనే. నీకు కనిపిస్తున్న పిచ్చి గుర్తులు నెత్తిన చిన్న గీతున్న ఇంగ్లిష్ ఏ అక్షరం, పక్కన చిన్న సున్నా, మళ్లీ అదే, మళ్లీ అదే, ఇలా ఉన్నాయా? అలా అయితే నీ ఫైలు మంచిదే. అక్షరాల్ని కంప్యూటర్ అంకెలుగా దాచే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు, యూటీఎఫ్-8 అలాంటిదే, అందులో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు, పేజీ ఏ ఎన్‌కోడింగో నువ్వు చెప్పలేదు కాబట్టి బ్రౌజర్ ఆ మూడింటినీ మూడు వేరే అక్షరాలుగా చదివేస్తోంది. హెడ్‌లో అన్నిటికన్నా ముందు క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని పెట్టు. అలా కాకుండా మామూలు ఇంగ్లిష్ అక్షరాలే గజిబిజిగా కనిపిస్తుంటే ప్రింటింగ్‌కి వాడే పాత డీటీపీ ఫాంట్‌లో టైప్ చేసిన మేటర్ అతికించావన్నమాట, దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు.

లైన్ హైట్, అంటే ఒక లైను ఎత్తు అక్షరం సైజుకి ఎన్ని రెట్లో, అది కూడా చూసుకో. ఇంగ్లిష్‌కి సరిపోయే 1.2 మనకి చాలదు, "రాష్ట్రం" అని రాస్తే కింద వత్తులు, కింది లైన్లో "కీ" గుడిదీర్ఘం ఒకదాన్నొకటి తగులుకుంటాయి. 1.7 దగ్గర పెడితే ఊపిరాడుతుంది. బటన్లకి ఎత్తు ఫిక్స్ చేస్తే వత్తు తెగిపోతుంది, ఎత్తు ఇవ్వకుండా ప్యాడింగ్, అంటే అక్షరాల చుట్టూ ఖాళీ, ఇవ్వు.

రంగులు కూడా. తెల్లటి పేజీ మీద లేత బూడిద అక్షరాలు అందంగా ఉంటాయనిపిస్తుంది, కానీ చూపు తక్కువున్నవాళ్లు చదవలేరు. అందరూ వెబ్ వాడగలిగేలా పెట్టుకున్న డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5కి 1 కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా, ఉండాలి. అందరూ వాడే 777777 అనే కోడ్ బూడిద రంగు తెలుపు మీద 4.48 దగ్గర ఆగిపోతుంది, చూడ్డానికి ఏ తేడా లేని 767676 పాసవుతుంది. ఇక ఆల్ట్‌లో, అంటే ఫొటోకి కోడ్‌లో రాసే వివరణలో, "ఫొటో 3" అని రాయకు. "సముద్రం మీద రెక్కలు చాపి ఎగురుతున్న ఆర్కిటిక్ టెర్న్" అని రాయి, కళ్లు కనిపించనివాళ్లకి వినిపించేది ఆ వాక్యమే.

వలసపిట్ట
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పేర్లు మార్చగానే ఫొటోలన్నీ వచ్చేశాయి, రాత్రి పదకొండింటికి ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నా. తెలుగు కూడా వచ్చింది, ఆ చిన్న సున్నాల కేసే. స్లైడ్లు 11కి తెచ్చా, గట్టిగా చదివితే తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. ఇంకొక్క డౌట్, హోమ్ పేజీ తెరవగానే పక్షుల కూతలు వినిపించాలని ఆటోప్లే పెట్టా, రావట్లేదు. టెంప్లేట్ సంగతి కూడా చెప్పండి, ఫ్రెండ్స్ అందరూ అదే వాడుతున్నారు.

ట్యాగ్_మూయండి
అది నీ తప్పు కాదు, 2018 నుంచి క్రోమ్ శబ్దంతో ఆటోప్లేని సాధారణంగా ఆపేస్తుంది, మిగతా బ్రౌజర్లూ దాదాపు అంతే. ప్లే బటన్ పెట్టి పక్కన "కూత వినండి" అని రాయి, వినాలనుకున్నవాళ్లు నొక్కుతారు. టెంప్లేట్ ఉద్యోగంలో నేనూ వాడతా, కానీ ఐదు పేజీలకి వద్దు, వైవాలో ఈ డివ్ (పేజీలో ఒక భాగాన్ని విడిగా పెట్టే ట్యాగ్) ఎందుకు పెట్టావని అడిగితే నీ చేత్తో రాసినదానికైతే నువ్వు జవాబు చెప్పగలవు.

బ్లాక్‌బోర్డ్
నాదీ అదే మాట. రివ్యూకి ముందురోజు ప్రాజెక్ట్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరేవాళ్ల కంప్యూటర్‌లో తెరిచి చూడమ్మా. స్లైడ్ల ఫైల్ సేవ్ చేసేటప్పుడు ఫాంట్లు ఎంబెడ్ చేసే ఆప్షన్ టిక్ పెట్టు, వీడియోకి లింక్ ఇవ్వకుండా లోపలే ఇన్సర్ట్ చెయ్, ఒక పీడీఎఫ్ కాపీ కూడా దగ్గర ఉంచుకో.