దసరా సెలవుల్లో బృందావన తోట దీపాలు: పెద్దవారితో, పిల్లలతో ఎలా చూడాలి?

తులసికోట (వైట్‌ఫీల్డ్, బెంగళూరు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఈ దసరా సెలవుల్లో మా కుటుంబం బెంగళూరు నుండి మైసూరు వెళ్ళి, కృష్ణరాజసాగరం ఆనకట్ట దిగువన ఉన్న బృందావన తోటలో దీపాలంకరణ చూడాలని అనుకుంటున్నది. మాతో డెబ్బై దాటిన మా అత్తగారు, తొమ్మిదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప వస్తారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. చదునైన నేల మీద మెల్లగా నడవగలరు గాని మెట్లు ఎక్కి దిగడం ఆమెకు కష్టం. అయినప్పటికీ ఈ ప్రయాణం కోరినది ఆమే. ఆ రంగుల ఫౌంటెన్లను పాత సినిమా పాటల్లో చూసిన తరం వారిది. టీవీలో అవి కనిపించినప్పుడల్లా ఒక్కసారి దగ్గర నుండి చూడాలని అంటూ ఉంటారు.

ఇంట్లో బొమ్మల కొలువు పెడతాము కాబట్టి, పేరంటాల మధ్య రెండు రాత్రులకు మించి ఇల్లు విడిచి ఉండలేము. మా వారు వేసిన పథకం ఇది: తెల్లవారుజామున కారులో బయలుదేరి, పగలు రంగనతిట్టు పక్షుల కేంద్రం చూసి, సాయంత్రం బృందావన తోటకు వెళ్ళి, అక్కడి నుండి రాత్రికి మైసూరు ప్యాలెస్ దీపాలు కూడా చూసి, మరునాడు చాముండి కొండ ఎక్కి తిరిగి రావడం. తోట, ప్యాలెస్ రెండూ ఒకే సాయంత్రం సాధ్యమేనా? తోటలో ఎంత నడవవలసి వస్తుంది? ఏ రోజుల్లో రద్దీ తక్కువగా ఉంటుంది? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మైసూరు కోడలు సమాధానం:

నేను పుట్టింది అనంతపురంలో, మెట్టినిల్లు మైసూరు. ఊరికి వచ్చే బంధువులను ఈ తోటకు తీసుకువెళ్ళడం మా ఇంట్లో నా పనే కాబట్టి కొంత విపులంగానే రాస్తున్నాను.

మీ వారి పథకం గడియారం ప్రకారం చూస్తే సాధ్యమే. ప్యాలెస్ దీపాలు మామూలుగా ఆదివారాలు, ప్రభుత్వ సెలవు దినాల్లో రాత్రి 7 తరువాత కొద్దిసేపే వెలుగుతాయి గాని, దసరా రోజుల్లో ప్రతి రాత్రీ, అంతకంటే చాలా ఎక్కువ సేపు ఉంటాయి. అయితే తోట ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, మండ్య జిల్లా పరిధిలో ఉంది. పండుగ రాత్రి తోట వదలగానే బయటకు వచ్చే వాహనాలన్నీ ఒకే దారిలో కదులుతాయి, మైసూరు నడిబొడ్డున కొన్ని వీధులను మూసివేస్తారు, కొన్నింటిని ఒకవైపు రాకపోకలకే పరిమితం చేస్తారు. నిద్ర ముంచుకొచ్చే పాపను భుజాన వేసుకొని, మోకాళ్ళు పట్టేసిన పెద్దావిడను నడిపించుకుంటూ ప్యాలెస్ ద్వారం దగ్గర నిలబడితే అక్కడి లక్ష దీపాలు ఎవరి కంటికీ ఆనవు. ఒక సాయంత్రం తోటకు, ఒక సాయంత్రం ప్యాలెస్‌కు కేటాయించండి. మీకు ఉన్నవి రెండు రాత్రులే కదా, సరిపోతాయి.

తోట విషయానికి వస్తే, మీ ప్రశ్నల్లో అసలైనది నడక గురించినది. ఈ తోటను 1927లో మొదలుపెట్టి 1932 నాటికి పూర్తి చేశారు. అప్పటి దివాను మీర్జా ఇస్మాయిల్ కాశ్మీరులోని షాలిమార్ తోట పద్ధతిలో, ఆనకట్ట పాదం నుండి అంచెలంచెలుగా దిగివచ్చేలా దీనిని రూపొందింపజేశారు. మొక్కల అమరిక చూసినది మన లాల్‌బాగ్‌ను కూడా తీర్చిదిద్దిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబీగల్. అంచెల తోట అంటేనే మెట్లు ఉన్న తోట అని అర్థం. పైగా దాదాపు 60 ఎకరాల ఈ తోటలో అందరూ చూడాలనుకునే సంగీత ఫౌంటెన్ ప్రవేశద్వారానికి దగ్గరలో లేదు. మధ్యలో ఉన్న నీటి మడుగును దాటి ఉత్తరపు కొస దాకా వెళ్ళాలి. చీకటి పడ్డాక వేలమంది ఒకేసారి ఆ వైపుకు నడుస్తారు, ప్రదర్శన అయ్యాక ఒకేసారి వెనక్కు మళ్ళుతారు. మీ అత్తగారికి ఇబ్బంది కలిగించేది దూరం కంటే ఈ తిరుగు గుంపే.

కాబట్టి సాయంత్రం నాలుగున్నరకల్లా లోపల ఉండండి. అక్టోబరు మొదట్లో ఇక్కడ 6:10 ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు. వెలుతురు ఉండగానే నింపాదిగా, ఆగి ఆగి నడుచుకుంటూ ఫౌంటెన్ వైపు చేరి, ఆమెకు కూర్చునే చోటు చూసిపెట్టుకోండి. మడతపెట్టే చిన్న పీట ఒకటి వెంట ఉంటే ఇంకా మంచిది. దీనివల్ల మరొక లాభం ఉంది. పచ్చిక, కత్తిరించిన పొదలు, నీటి కాలువలు, వెనుక గోడలా నిలిచిన ఆనకట్ట, ఇవన్నీ ముందు మామూలు వెలుగులో చూసి, అదే చోట కూర్చొని దీపాలు ఒక్కొక్క వరుసగా వెలగడం చూస్తేనే ఆ తోట ఎలా కట్టారో మనసుకు పడుతుంది. పూర్తిగా చీకటి పడ్డాక వచ్చేవారికి రంగులు మాత్రమే కనిపిస్తాయి, తోట కనిపించదు. ప్రదర్శన ముగిశాక అరగంట కదలకుండా కూర్చోండి; గుంపు పలచబడుతుంది. తోటకు ఆనుకొనే బస చేసే హోటళ్ళు ఉన్నాయి, కర్ణాటక పర్యాటక సంస్థ వారి మయూర కావేరి వాటిలో ఒకటి. ఆ రాత్రికి అక్కడ గది దొరికితే రోడ్డు బాధ పూర్తిగా తప్పుతుంది. దసరాకు గదులు ముందే నిండిపోతాయి, ఆలస్యం చేయవద్దు.

రోజు ఎంపిక గురించి ఒక్క మాట: నవరాత్రి మొదటి రోజుల్లో, వారం మధ్యలో రండి. జంబూ సవారీ (ఏనుగుల ఊరేగింపు) జరిగే విజయదశమి నాడు చిన్నపిల్లలతో మైసూరు రావడం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

కరెంటు తాత (కోలారు బంగారు గనులు) సమాధానం:

పై సోదరి చెప్పిన వేళలు, జాగ్రత్తలు అన్నీ సరైనవే. కాని మోకాళ్ళ నొప్పులున్న పెద్దమనిషికి ఒకే దీపాలంకరణ చూపించే వీలుంటే నేను తోటకు బదులు ప్యాలెస్‌ను, మైసూరు వీధులను ఎంచుకుంటాను. దసరాకు సయ్యాజీరావు రోడ్డు, దేవరాజ అరసు రోడ్డు, కూడళ్ళు అన్నీ దీపాలతో కప్పేస్తారు. పర్యాటక సంస్థ వారి అంబారీ అనే రెండంతస్తుల బస్సు ఆ వీధుల వెంట తిరుగుతుంది. పై అంతస్తుకు పైకప్పు ఉండదు. పిల్లలను తండ్రితో పైకి పంపి, అత్తగారితో మీరు కింద కూర్చుంటే నడక లేకుండానే ఊరంతా చూడవచ్చు. టికెట్లు ముందుగా తీసుకోవాలి. ప్యాలెస్ మీద నేటికీ పాత పద్ధతి ఫిలమెంటు బల్బులే, లక్షకు కొంచెం తక్కువ. మీట నొక్కగానే ఆ కట్టడం అంతా ఒక్క క్షణంలో బంగారు రంగులో తేలుతుంది. రంగులు మార్చే ఎల్‌ఈడీ దీపాలకు ఆ వెచ్చదనం రాదని విద్యుత్ శాఖలో పని చేసి విరమించిన నా గట్టి అభిప్రాయం. పక్షపాతం అనుకున్నా సరే.

తోటకే వెళ్ళేటట్లయితే, తొమ్మిదేళ్ళ బాబుకు రెండు సంగతులు చెప్పండి. మొదటిది, ఆ తోటకు గోడగా నిలిచిన ఆనకట్టకూ దీపాలకూ ఉన్న సంబంధం. శివనసముద్రం దగ్గర కావేరి జలపాతం నుండి 1902లో తీసిన విద్యుత్తు మొదట వచ్చింది రాజుగారి ఊరికి కాదు, మా కోలారు గనులకు. సుమారు 147 కిలోమీటర్ల ఆ తీగ అప్పట్లో ప్రపంచంలోని అతి పొడవైన విద్యుత్ లైన్లలో ఒకటి. బెంగళూరు వీధి దీపాలు 1905లో, మైసూరు దీపాలు 1908లో వెలిగాయి. వేసవిలో కావేరి సన్నబడితే గనులకు కరెంటు తగ్గేది. ఏడాది పొడవునా ప్రవాహం నిలకడగా ఉండడానికి, మండ్య ప్రాంతపు పొలాలకు నీరివ్వడానికి కలిపి ఆలోచించి, విశ్వేశ్వరయ్య గారు కన్నంబాడి దగ్గర ఈ జలాశయాన్ని ప్రతిపాదించారు. పని 1911లో మొదలైంది. సిమెంటు బదులు సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీ గారతో కట్టిన గోడ అది. ఆనకట్ట పైకి సందర్శకులను అనుమతించరు గాని కింద నుండి చూసినా దాని నిడివి, రెండున్నర కిలోమీటర్లకు పైబడినది, తెలుస్తుంది.

రెండవది ఫౌంటెన్ సంగతి. ధార కింద దీపం ఉంటే, నీరు పగలకుండా నునుపుగా ఎగసినంత మేర కాంతి ఆ ధార లోపలే గోడలకు తగిలి ప్రతిఫలిస్తూ పైకి సాగుతుంది. ధార తుంపరలుగా విడిపోయే చోట బయటపడుతుంది. అందువల్ల కింది భాగం కంటే కొస దగ్గర రంగు చిక్కగా కనిపిస్తుంది. ఈ మాట చెప్పి గమనించమనండి, ఇక పాట వినడు, నీటినే చూస్తాడు.

పాలపిట్ట (హెబ్బాళ) సమాధానం:

ప్రశ్నలో రంగనతిట్టు ప్రస్తావన ఉన్నది కాబట్టి దానిని గురించి, దీపాలను గురించి కూడా నా మాట చెప్తాను.

రంగనతిట్టును మధ్యాహ్నం పెట్టుకోవద్దు. ఎండవేళ పక్షులు చెట్లలోకి ఒదిగిపోతాయి. పొద్దున్నే పడవ ఎక్కితే మడుగు రాళ్ళ మీద మొసళ్ళు, కొమ్మలకు వేలాడే పెద్ద గబ్బిలాలు, కొంగలు చక్కగా కనిపిస్తాయి. దసరా నాటికి గూళ్ళు కట్టే కాలం ఇంకా రాదు కాబట్టి వేసవి ముందు కనిపించినన్ని పక్షులు ఉండవన్నది పిల్లలకు ముందే చెప్పండి. ఆనకట్ట నిండి, అంటే నీటిమట్టం 124.8 అడుగులకు చేరి, గేట్లు ఎత్తి ఎక్కువ నీరు వదిలితే దిగువన ఉన్న రంగనతిట్టులో పడవలు నడపరు. బయలుదేరే ముందు రోజు పత్రికలో కావేరి వార్త చూసుకోండి. తోట చూసిన రాత్రి అక్కడే బస చేసి, మరునాటి పొద్దున రంగనతిట్టుకు వెళ్తే దారి కూడా కలిసివస్తుంది.

దీపాల విషయంలో నా అభిప్రాయం ఇక్కడి పెద్దలకు నచ్చకపోవచ్చు. నది ఒడ్డున, పొలాల మధ్య ఉన్న తోటలో రాత్రిపూట ఇంత వెలుగు నింపడం అక్కడి జీవులకు మేలు కాదు. వాన పడిన సాయంత్రం ఉసిళ్ళు దీపాల చుట్టూ మూగి రాలిపోవడం మన పల్లెల్లో అందరూ చూసినదే. తోటలో అదే పెద్ద ఎత్తున జరుగుతుంది. తెల్లని, నీలి కాంతి పురుగులను ఎక్కువగా లాగుతుంది, పసుపు, ఎరుపు ఛాయల కాంతి తక్కువగా లాగుతుంది. ఆ లెక్కన తాతగారి పాత బల్బుల మీద ఇష్టానికి నేను కూడా వత్తాసు పలుకుతున్నాను, కారణం వేరైనా. పండ్ల మీద బతికే గబ్బిలాలు బాగా వెలుగు ఉన్న చోటును తప్పించుకొని తిరుగుతాయి. అడవి జీవులు ఆ పరిసరాల్లో లేవనుకోవడం కూడా పొరపాటు: 2022 చివరలో చిరుత కనిపించినందుకు తోటను కొన్ని వారాలు మూసివేశారు. అందుచేత చూడవద్దని నేను అనను. దీపాలు రాత్రంతా కాక కొద్ది గంటలే వెలుగుతాయి, అది కొంత నయం. కాని పిల్లలను పొదల వెనుక చీకటి మూలల్లోకి పరుగెత్తనివ్వకండి, లేజరు లైట్లు కొనిపెట్టకండి.

విజయదశమి నాడు పాలపిట్టను చూడడం శుభమని తెలంగాణలో నమ్ముతారు. అది కర్ణాటకకు కూడా రాష్ట్ర పక్షే. శ్రీరంగపట్నం పొలాల వెంట కరెంటు తీగల మీద వెతికితే మీ అత్తగారికి అది కూడా చూపించవచ్చు.

తులసికోట (ప్రశ్న అడిగినవారు):

అందరికీ కృతజ్ఞతలు. తాతగారి సలహా విన్నాక మా వారు ప్యాలెస్ వైపు మొగ్గారు, అత్తగారు మాత్రం తోట చూడకుండా తిరిగి వచ్చే మాటే లేదన్నారు. కాబట్టి నవరాత్రి మొదటి వారంలో బుధవారం తోట, ఆ రాత్రి అక్కడే బస, గురువారం పొద్దున రంగనతిట్టు, సాయంత్రం అంబారీ బస్సు, ప్యాలెస్, శుక్రవారం తెల్లవారగానే తిరుగు ప్రయాణం అని నిర్ణయించాము. చాముండి కొండను మరొకసారికి వదిలేశాము. ఇంకొక్క సందేహం: కారు మంచిదా, రైలు మంచిదా?

మైసూరు కోడలు:

మైసూరు వరకే అయితే రైలు అనేదాన్ని. తోట, రంగనతిట్టు రెండూ ఊరి బయట ఉన్నాయి, వెంట పెద్దావిడ ఉన్నారు కాబట్టి కారే తీసుకురండి. 2023లో ప్రారంభమైన కొత్త రహదారి మీద మైసూరు దాకా సుమారు 119 కిలోమీటర్లు సాఫీగా సాగుతుంది. వేగాన్ని పట్టే కెమెరాలు ఉన్నాయి, మీ వారికి చెప్పండి. మీకు ఆలస్యం అయ్యేది వైట్‌ఫీల్డ్ నుండి ఊరు దాటడంలోనే, కనుక ఆరు గంటలకు ముందే బయలుదేరండి. శ్రీరంగపట్నం దగ్గర రహదారి దిగితే మైసూరు ఊర్లోకి రాకుండానే తోటకు చేరుకోవచ్చు. ఒక గొడుగు, పిల్లలకు పలచని స్వెటర్లు పెట్టుకోండి. ఆ రోజుల్లో సాయంత్రం వాన పడడం మామూలే, నీటి పక్కన గాలి చల్లగా ఉంటుంది.