పిల్లలే ఆలోచింపజేసే ప్రశ్నలు రాయాలంటే ఎలా నేర్పాలి? సోషల్ టీచర్లు చెప్పగలరా

నమస్కారం అండీ. నేను హైస్కూల్లో తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతాను. పాఠం అయ్యాక ప్రశ్నలు పిల్లల చేతే రాయిస్తున్నాను. గుర్తుంచుకుని చెప్పేవి కాదు, ఆలోచిస్తే తప్ప జవాబు దొరకనివి కావాలి.

చాలామంది ప్రశ్న ముందు 'ఎందుకు' పెట్టేసి ఊరుకుంటున్నారు. "అనంతపురంలో వర్షాలు ఎందుకు తక్కువ?" అని అడిగితే పడమటి కనుమల వర్షచ్ఛాయ (కొండలు వానమబ్బుల్ని అడ్డుకోవడం) అని పుస్తకంలోని వాక్యమే జవాబు. అదే వర్షపాతం ఉన్న రెండు ఊళ్లలో ఒకచోట వేరుశనగ, ఇంకోచోట బత్తాయి వేయడానికి కారణాలేంటి అని అడిగితే మ్యాపు, బోర్లు, మార్కెట్ అన్నీ చూడాలి కదా. ఈ తేడా వాళ్లకు ఎలా పట్టించాలి?

చరిత్రలో కాస్త నయం. 1244 నాటి మోటుపల్లి రేవు శాసనం చెప్పాను. తుఫానుకు దెబ్బతిన్న ఓడల సరుకును పాత రాజులు లాగేసుకునేవారు. కాకతీయ రాజు గణపతిదేవుడు సుంకం మాత్రమే తీసుకుంటానని అభయమిచ్చాడు. ఒక అమ్మాయి "చేతికొచ్చిన సొమ్ము వదులుకుంటే రాజుకు ఏం లాభం? నష్టపోయింది ఎవరు?" అని రాసింది. చాలా సంతోషమేసింది. మిగతావాళ్లనూ ఇక్కడికి ఎలా తేవాలి?

మార్కులు ప్రశ్నకు ఇవ్వాలా, రాసినవాళ్లు దానికి చెప్పే జవాబుకా? జంటలుగా రాయిస్తే చురుకైనవాళ్లే రాసేస్తున్నారు. మీ క్లాసులో చేసి చూసినవారు, పిల్లలు రాసిన ప్రశ్నలు ఒకటి రెండు ఉదాహరణగా పెట్టండి, ప్లీజ్.