నాయకులు రాజీ పడితే మేమూ పడాల్నా?

హంద్రీ_ఒడ్డు: మాది కర్నూలు పక్క పల్లె. 1999లో మా నాయనను వేటకొడవళ్లతో నరికినారు. సాక్షులు కోర్టులో మాట మార్చినారు, కేసు కొట్టేసినారు. ఇప్పుడు ఇద్దరు నాయకులూ ఒకే పార్టీ. ఈసారి జాతర రెండు వర్గాలూ కలిసి చేయాలంట. అమ్మ గడప దాటనంటోంది. నేను పోతే తప్పా?

సీమ_రాజా: పో అన్నా. ఫ్యాక్షన్ కాలం ఎప్పుడో అయిపోయింది. 2005లో అనంతపురంలో పరిటాల రవిని చంపినాక ఇంకేముంది?

గుత్తి_కోట: మరి 2011లో హైదరాబాదులో రవి ప్రత్యర్థి మద్దెలచెర్వు సూరి ఎట్ల పోయినాడు?

సీమ_రాజా: అది సొంత మనిషి పని. శిక్ష వానికే పడింది. ఫ్యాక్షన్ లెక్కలోకి రాదు.

గుత్తి_కోట: లెక్క నువ్వు కడతావా? 1997లో జూబ్లీహిల్స్‌లో రవి కోసం పెట్టిన కారు బాంబుకు 26 మంది పోయినారు. అందులో టీవీ వాళ్లూ ఉన్నారు. వాళ్లది ఏ వర్గం?

పాలకొండ: తేదీల కొట్లాట తర్వాత. ఆ తల్లి ఎందుకు రానంటోందో అడిగినారా?

సీమ_రాజా: అమ్మల మాట వింటే సేద్యాలు జరగవు. మా చిన్నాయన ఇరవై ఎకరాలు పదకొండేండ్లు బీడు. కూలికి ఎవరొస్తే వాళ్ల కాళ్లు విరగ్గొడతామని ఎదుటోళ్లు చాటించినారు. రాజీ అయినాకే ట్రాక్టరు దిగింది.

హంద్రీ_ఒడ్డు: ఇరవై ఎకరాలా? మా రెండెకరాలు లాయర్లకే పోయింది. మీ చిన్నాయన జీపులో ముందు కూర్చునేవాడా, వెనకనా?

సీమ_రాజా: దానికీ దీనికీ ఏం సంబంధం?

హంద్రీ_ఒడ్డు: మా నాయన వెనక కూర్చునేవాడు. ముందు సీటోళ్లు రాజీ పడినారు, వాళ్ల పిల్లోళ్లు అమెరికాలో ఉండారు. నేను తొమ్మిదిలో బడి మాని బళ్లారి హోటల్లో ప్లేట్లు కడిగినా. రాజీ కాగితంలో మా నాయన పేరే లేదు.

సీమ_రాజా: పోయినోళ్ల పేర్లన్నీ రాస్తూ కూర్చుంటే రాజీ ఎప్పటికయ్యేది?

హంద్రీ_ఒడ్డు: అమ్మ అడిగేది అదొక్కటే. డబ్బు కాదు.

గుత్తి_కోట: ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది స్వామీ.

ఎర్రనేల: నాది ఎదుటి వైపు. నాయకుడు కేసులో పేరు ఇయ్యమంటే మా అన్న తన పేరు ఇచ్చినాడు, చేయని నరుకుడుకు ఏడేండ్లు జైల్లో ఉన్నాడు. ఇప్పటికీ ఆ పోయినాయన ఇంటి ముందర నడవలేక చెరువు కట్ట చుట్టి పోతాడు. జాతరకు మావాడూ రాడు.

హంద్రీ_ఒడ్డు: మీది ఏ ఊరన్నా?