మతం గడిలో ఏం రాయాలి? నాస్తికుడు, హేతువాది, మానవవాది... వీటిలో ఏ మాట ఎక్కడ పనికొస్తుంది?

గడిఖాళీ అడిగిన ప్రశ్న:

దేవుడి మీద నమ్మకం లేకపోవడంతో చిక్కు లేదు, దానికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడే చిక్కు. నాస్తికుడు అంటే పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. హేతువాది అంటే బాబాల మీద మైకు పట్టుకుని ఉపన్యాసం ఇచ్చే రకం అనుకుంటారు. మానవవాది అంటే "మరి మేమెవరం, రాక్షసులమా?" అని నవ్వుతారు. ఏ పేరూ చెప్పకుండా గుడికి రానంటే "ఓహో, మతం పుచ్చుకున్నారా?" అంటారు.

రెండు విషయాలు కావాలి. ఈ మాటల మధ్య అసలు తేడా ఏమిటి? 2027 జనగణనలో, పిల్లల కాగితాల్లో మతం దగ్గర ఏం రాస్తే ఏమవుతుంది? "మనిషిని మనిషిగా చూస్తే చాలు" లాంటి జవాబులు వద్దండీ, దణ్ణం పెడతాను (ఎవరికి అని అడక్కండి).

---

పాతసంచిక:

ఒక్కో మాట ఒక్కో ప్రశ్నకు జవాబు. అన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల తికమక.

నాస్తికుడు అన్న మాట మొదట్లో దేవుడి గురించి కాదు. మనుస్మృతి 2.11లో "నాస్తికో వేదనిందకః" అని ఉంది. అంటే వేదాన్ని కాదన్నవాడు. ఆ లెక్కన బౌద్ధులు, జైనులు, చార్వాకులు నాస్తికులు. సృష్టికర్త అక్కర్లేదన్న సాంఖ్యులు, మీమాంసకులు మాత్రం ఆస్తికుల పంక్తిలోనే కూర్చున్నారు, వేదాన్ని ఒప్పుకున్నారు కాబట్టి. పాణిని సూత్రం (4.4.60) "లేదు" అనే మతి కలవాడు అని మాత్రమే అంటుంది. ఏది లేదు అన్నదానికి వ్యాఖ్యాతలు "పరలోకం" అని పూరించారు. పెద్దవాళ్లు మొహం చిట్లించారంటే వాళ్ల తప్పు కాదు, ఆ మాట పుట్టి పెరిగిందే తిట్టుగా. పైగా మన వాడుకలో నాస్తి అంటే సున్నా. "చేతిలో డబ్బు నాస్తి" అన్నట్టే "వీడికి విలువలు నాస్తి" అని వినపడుతుంది.

ఆ తిట్టునే తీసుకుని బోర్డు మీద రాసుకున్నది గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975). 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. దేవుడు లేడు అనేది మొదటి మెట్టేనని, మనిషి తన బాధ్యత తాను తీసుకోవడం అసలు సంగతని ఆయన వాదన. పిల్లలకి మతం వాసన లేని పేర్లు పెట్టారు: ఉప్పు సత్యాగ్రహం ఏడు పుట్టినవాడు లవణం, తొమ్మిదో సంతానం నౌ.

హేతువాది వేరు. "దేవుడున్నాడా?" అన్నదానికి కాదు, "నీకెలా తెలిసింది?" అన్నదానికి జవాబు అది. పద్ధతి పేరు. వాస్తు చూపించి గుమ్మం మార్చే నాస్తికులు ఉన్నారు. వాళ్లకి దేవుడు లేడు సరే, హేతువూ లేదు. తెలుగునాట మాత్రం ఇది నాస్తికుడికి మర్యాదమాటగా స్థిరపడింది. నలుగురిలో కాస్త మెత్తగా ఉంటుందని వాడతారు.

మానవవాది అనే మాట ఎం.ఎన్. రాయ్ నవ్య మానవవాదం నుంచి వచ్చింది. 1946లో ఇరవై రెండు సిద్ధాంత సూత్రాలు, 1948లో తన రాడికల్ డెమోక్రటిక్ పార్టీని రద్దు చేసుకోవడం, అదీ దాని పుట్టుక. తెనాలి వైపు ఆవుల గోపాలకృష్ణమూర్తి, చీరాల వైపు రావిపూడి వెంకటాద్రి (1922–2023) దాన్ని తెలుగులో నిలబెట్టారు. దేన్ని నమ్మం అన్నది కాకుండా దేనికోసం నిలబడతాం అన్నది చెప్పే మాట ఇదొక్కటే. నష్టం ఎక్కడంటే, మానవవాదికీ మానవతావాదికీ పత్రికలు తేడా చూపవు. అన్నదానం చేసిన ప్రతివాడూ మానవతావాదే. మీరు మానవవాది అని చెబితే అవతలివాళ్లు రెండోదే వింటారు.

అజ్ఞేయవాది: హక్స్లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1869లో ఇంగ్లీషులో పుట్టించిన మాటకి మన అనువాదం. తెలియదు, తేల్చలేం అనేవాడు. దీన్ని గోడమీద పిల్లి అనుకోవడం తప్పు. తెలుసుకోవడం ఒక ప్రశ్న, నమ్మడం ఇంకో ప్రశ్న. తేల్చలేం అంటూనే నమ్మనివాళ్లు బోలెడుమంది. ఈ మాట ఎలాగూ నోరు తిరగదు. "అది తేలే సంగతి కాదండీ" అంటే సరిపోతుంది.

లౌకికవాది జోలికి పోవద్దు, అది రాజ్యం ఎలా ఉండాలన్న మాట. రోజూ మూడుపూటలా పూజ చేసేవాళ్లూ లౌకికవాదులు కావచ్చు. భౌతికవాది అంటే సగంమంది డబ్బుమనిషి అనుకుంటారు.

నా లెక్కలో, ఇంట్లో బంధువుల దగ్గర నామవాచకం కంటే క్రియ మేలు. "నేను నాస్తికుణ్ణి" అంటే జెండా పాతినట్టు. "నేను పూజలు చెయ్యనండి" అంటే కాఫీ తాగను అన్నట్టు. "పుచ్చుకున్నారా?" అన్నదానికి పొట్టి జవాబు: "మారలేదండీ, మానేశాను."

---

వెన్నెలకుప్ప:

వేమన నాస్తికుడే కదా. ఇన్ని తిప్పలెందుకు, "వేమన దారి" అంటే ఊరంతా ఒప్పుకుంటుంది.

---

పాతసంచిక:

ఒప్పుకుంటుంది, కానీ నిజం కాదు. విగ్రహాలనీ, కులాన్నీ, దొంగ గురువుల్నీ ఉతికి ఆరేశాడు, నిజమే. కానీ ఆయన పద్యాల్లో శివుడున్నాడు, యోగం ఉంది. కందుకూరిని కూడా ఇలాగే లాక్కొస్తారు, ఆయన బ్రహ్మసమాజం మనిషి, ఒకే దేవుణ్ణి నమ్మినవాడు. ఒప్పుకునేవాళ్లనే లెక్కేసుకుందాం: త్రిపురనేని, గోరా, రాయ్ వారసులు చాలు.

---

రికార్డురూం:

కాగితాల సంగతికి వస్తాను. మొదట గుర్తుపెట్టుకోవాల్సింది: మీరు మిమ్మల్ని ఏమని పిలుచుకుంటారన్నదీ, చట్టం మిమ్మల్ని ఏ ఖాతాలో వేస్తుందన్నదీ రెండూ వేరు. హిందూ వివాహ చట్టం (1955), వారసత్వ చట్టం (1956) రెండిట్లోనూ రెండో సెక్షన్ చూడండి. ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కానివాళ్లందరికీ సాధారణంగా అవే వర్తిస్తాయి. హిందూ ఇంట్లో పుట్టి నాస్తికుణ్ణన్నా ఆస్తి పంపకం హిందూ చట్టం ప్రకారమే. (ఆస్తి ఉన్నవాడు ఆస్తికుడు, లేనివాడు నాస్తికుడు అని పాత జోకు.)

జనగణన: 2011 ఫారంలో హిందూ 1, ముస్లిం 2, క్రైస్తవ 3, సిక్కు 4, బౌద్ధ 5, జైన 6 అని అంకెలు. ఇంకేదైనా అయితే అంకె వెయ్యకుండా పేరు పూర్తిగా రాయాలి. ఎన్యూమరేటరు మీరు చెప్పిందే రాయాలి, వాదించకూడదు. దెబ్బతినేది ఇక్కడ కాదు, గుమ్మం దగ్గర. ఇంటి పెద్ద ఒకరే అందరి తరఫునా చెబుతారు. ఇంటిపేరు వినగానే మిగతావాళ్లకి కూడా 1 పడిపోతుంది. కాబట్టి లెక్కలవాళ్లు వచ్చేముందే ఇంట్లో చెప్పుకోవాలి. "మతం లేదు" అని స్పష్టంగా, అందరూ ఒకే మాట. ఒకరు నాస్తిక అని, ఒకరు హేతువాదం అని, ఒకరు మానవత్వం అని రాయిస్తే లెక్కలో మూడు ముక్కలవుతారు. 2011లో నాస్తికులుగా పేరుపెట్టి లెక్కకెక్కింది దేశం మొత్తం మీద 33 వేల పైచిలుకే. మతం పేర్కొననివారి ఖాతాలో మాత్రం 28 లక్షలకు పైన పడ్డారు. ఆ ఖాతాలో నమ్మనివాళ్లెవరో, చెప్పడం ఇష్టంలేని భక్తులెవరో ఇక విడదీయలేం.

భయపడేవాళ్లకి ఒక మాట: జనగణన చట్టం (1948) 15వ సెక్షన్ ప్రకారం మీ జవాబు రహస్యం. ఆ కాగితం ఎవరూ తీసి చూడటానికి లేదు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లదు. తహసీల్దారు కుల ధ్రువపత్రానికి దానితో పనిలేదు.

ఎస్సీ కుటుంబాలు మాత్రం ఒక్క క్షణం ఆగి చదవండి. ఎవరు ఎస్సీ అన్నది తేల్చే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలకు "భిన్నమైన మతాన్ని అవలంబించే" వ్యక్తి ఎస్సీ కాదు. అక్షరం పట్టుకుని చూస్తే నాస్తికుడు భిన్నమైన మతం ఏదీ అవలంబించడం లేదు. కానీ జనగణనలో ఎస్సీ నమోదు ఆ మూడు మతాల కిందే చేస్తారు. కాబట్టి "మతం లేదు" అంటే మీ ఊరి ఎస్సీ సంఖ్యలో ఒకటి తగ్గుతుంది. సర్టిఫికెట్ విచారణ సమయంలో ఈ మాట అన్నా అక్షరం మీద వాదన మొదలవుతుంది, కాలేజీ ఫీజు గడువు మాత్రం ఆగదు. ఎస్టీలకు ఈ బెడద లేదు, ఏ మతమైనా ఎస్టీయే.

పిల్లల కాగితాలు: బర్త్ సర్టిఫికెట్ మీద మతం అచ్చవదు. ఆసుపత్రి నింపి పంపే రిపోర్టు ఫారంలో గణాంకాల భాగంలో ఉంటుంది. పేర్లు చూసి నింపేస్తారు కాబట్టి డిశ్చార్జికి ముందే అడిగి చూసుకోవాలి. 2014లో బొంబాయి హైకోర్టు, మతం చెప్పమని ప్రభుత్వం ఎవరినీ బలవంతపెట్టకూడదని, మతం లేదని చెప్పుకునే హక్కు ఉందని తీర్పిచ్చింది. 2023లో తెలంగాణ హైకోర్టు జనన నమోదు దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అన్న గడి పెట్టమంది. కౌంటర్ దగ్గర వాదన వస్తే నోటితో చెప్పకుండా తీర్పు ప్రతి జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. తిరస్కరిస్తే అదీ రాసివ్వమనండి. అక్కడ సగం గొడవలు సర్దుకుంటాయి.

మతం గడి ఖాళీగా వదలడం కంటే "లేదు" అని రాయడం మేలు. ఖాళీ గడిని కంప్యూటరు దగ్గర కూర్చున్నవాళ్లు నింపుతారు. కులం గడి మాత్రం వేరే లెక్క. రిజర్వేషను వాడుకోబోతుంటే దాన్ని ఆవేశంలో కొట్టేయకండి.

---

గడిఖాళీ:

ఇంత వివరంగా చెప్పినందుకు థ్యాంక్సండీ. ఇంకొకటి: పెళ్లి. దండలు మార్చుకుని, నలుగురి ముందు ప్రమాణం చేసి, తర్వాత రిజిస్టర్ చేయిస్తే సరిపోతుందా? అక్కడ మతం అడుగుతారా?

---

స్టాంపుకాగితం:

చాలామంది బోర్లాపడేది ఇక్కడే. దండల పెళ్లి చేసుకుని, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకుంటారు. ఆ చట్టం ఏడో సెక్షన్‌కి తంతు జరగాలి. తంతు లేకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. తమిళనాడులో ఈ ఇబ్బంది లేదు, 1967 సవరణతో వచ్చిన 7ఏ సెక్షన్ ఆత్మగౌరవ పెళ్లిళ్లను గుర్తిస్తుంది. ఆంధ్రలో, తెలంగాణలో ఆ సెక్షన్ లేదు.

మీకు కావాల్సింది ప్రత్యేక వివాహ చట్టం, 1954. దీని తాత 1872 చట్టం భలే తమాషా: దాని కింద పెళ్లాడాలంటే ఇద్దరూ "నేను హిందువును కాను, క్రైస్తవుణ్ణి కాను, ముస్లింను కాను..." అంటూ వరసగా కాదు కాదని రాసివ్వాలి. నమ్మేవాళ్లు కూడా కులాంతరం కోసం ఆ అబద్ధం మీద సంతకం చేశారు. 1954లో ఆ షరతు పూర్తిగా పోయింది. ఇప్పుడు ఏ లేబులూ అక్కర్లేదు.

వరస ఇది. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఆ జిల్లాలో ఉండాలి. నోటీసు ఇచ్చాక 30 రోజులు బోర్డు మీద ఉంటుంది. శాశ్వత చిరునామా వేరే జిల్లా అయితే అక్కడికీ ఒక ప్రతి వెళ్తుంది, ఇంట్లో చెప్పనివాళ్లు ఇది తెలియక ఇరుక్కుంటారు. అభ్యంతరం చట్టంలోని షరతుల మీదే ఉండాలి: వయసు, ముందు పెళ్లి, దగ్గరి బంధుత్వం, మానసిక స్థితి. "మతం లేదట" అన్నది అభ్యంతరం కాదు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరక్కపోతే మళ్లీ మొదటికి. ఆరోజు ముగ్గురు సాక్షులు కావాలి. "నిన్ను నా చట్టబద్ధమైన భార్యగా / భర్తగా స్వీకరిస్తున్నాను" అన్న అర్థంలో మీకు వచ్చిన భాషలో చెప్పుకోవచ్చు. తెలుగులో హాయిగా చెప్పండి.

దండల పెళ్లి ముందే అయిపోయిందా? అదే చట్టం 15వ సెక్షన్ కింద నమోదు చేసుకోవచ్చు. మళ్లీ 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. ఇక్కడొక మెలిక: కొత్తగా పెళ్లికైతే అమ్మాయికి 18 చాలు, 15వ సెక్షన్ నమోదుకి ఇద్దరికీ 21 నిండాలి.

ఆస్తి: ఇద్దరూ హిందూ, బౌద్ధ, సిక్కు, జైన కుటుంబాల వాళ్లయితే ఈ చట్టం 21ఏ సెక్షన్ వల్ల హిందూ వారసత్వమే కొనసాగుతుంది. ఒకరు క్రైస్తవ లేదా ముస్లిం ఇంటివాళ్లయితే 1925 వారసత్వ చట్టం వర్తిస్తుంది, హిందువైన వ్యక్తి ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. 2023లో కేరళలో ఒక ముస్లిం న్యాయవాది దంపతులు, కూతుళ్లకే ఆస్తి మొత్తం దక్కాలని ఏళ్ల తర్వాత ఈ చట్టం కింద మళ్లీ నమోదు చేసుకున్నది ఇందుకే.

---

ఎడిసన్‌తెలుగు:

అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం ఒక ముక్క. ఇక్కడ సర్వే ఫారాల్లో ఎథీస్ట్, అగ్నాస్టిక్, "ప్రత్యేకంగా ఏదీ లేదు" అని మూడు గడులు ఉంటాయి. ప్యూ అనే సర్వే సంస్థ 2023 లెక్కలో మతం లేనివాళ్లు పెద్దల్లో 28 శాతం. వాళ్లలో ఎథీస్టులమన్నది 17 శాతం, అగ్నాస్టిక్ 20, మిగతా 63 శాతం మూడో గడి. పేరు నచ్చకపోవడం మన దగ్గర మాత్రమే ఉన్న జబ్బు కాదన్నమాట. ఇక్కడి జనాభా లెక్కలు అసలు మతమే అడగవు, కాబట్టి ఆ ఫారం గురించి బెంగ వద్దు.

---

గడిఖాళీ:

"మారలేదు, మానేశాను" రాసి పెట్టుకున్నాను. ఇంట్లో అందరికీ ఒకే మాట అన్నది కష్టం, నాన్నగారు 1 వేయించకుండా ఉండరు. మా ఇద్దరి వరకు "మతం లేదు", ఆయనకి ఆయన మాట. ఒకే ఇంట్లో అలా వేర్వేరుగా రాస్తారా?

---

రికార్డురూం:

రాస్తారు. మతం గడి ఇంటికి ఒకటి కాదు, మనిషికొకటి.