స్టారోబిన్‌స్కీ మోడల్‌లో ఆదిమ గురుత్వ తరంగాలు 70 రెట్లు ఎక్కువ వస్తున్నాయి, తప్పెక్కడ?

అందరికీ నమస్తే. హనుమకొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు చేస్తున్నా, వారం రోజులుగా ఒకటే టెన్షన్. ఎఫ్(ఆర్) సిద్ధాంతంలో (ఐన్‌స్టీన్ సిద్ధాంతంలోని వక్రత ఆర్ స్థానంలో దాని ఫంక్షన్ పెట్టేది), అంటే ఆర్ వర్గం పదం కలిపిన స్టారోబిన్‌స్కీ ఇన్‌ఫ్లేషన్ (విశ్వం తొలి క్షణాల్లో అతివేగ విస్తరణ) మోడల్‌లో, జోర్డాన్ ఫ్రేమ్‌లోనే ఉండి (ఐన్‌స్టీన్ రూపంలోకి మార్చకుండా) పైథాన్‌తో టెన్సర్ (గురుత్వ తరంగాల) సమీకరణం సాధిస్తున్నాను. 55 ఈ-ఫోల్డ్‌లకి (ఒక్కో ఈ-ఫోల్డ్‌లో విశ్వం e రెట్లు పెరుగుతుంది) టెన్సర్-స్కేలార్ నిష్పత్తి (గురుత్వ తరంగాలకీ సాంద్రత హెచ్చుతగ్గులకీ ఉండే నిష్పత్తి) 12/55², అంటే 0.004 దగ్గర రావాలి కదా, నాకు 0.29 వస్తోంది.

ఘర్షణ పదంలో (విస్తరణ వల్ల తరంగం తగ్గే పదం) ఎఫ్ మార్పు రేటు కలిపాను; ఇక్కడ ఎఫ్ అంటే ఎఫ్(ఆర్)ని ఆర్‌తో అవకలనం చేస్తే వచ్చేది. టాలరెన్స్ (లెక్కలో అనుమతించే దోషం) 10⁻⁸ నుంచి 10⁻¹²కి తగ్గించినా అంకె కదల్లేదు. హొరైజన్‌కి (విస్తరణ వేగం నిర్ణయించే దూరపు హద్దు) 100 రెట్లు లోపల మొదలుపెడుతున్నా, 1000 రెట్లు లోపల పెట్టినా అంతే. గ్రాఫ్ మాత్రం చక్కగానే ఉంది, హొరైజన్ దాటగానే గీత నిటారుగా కాకుండా బల్లపరుపుగా ఆగిపోతోంది. ఎఫ్‌ని 1 చేసి మామూలు వర్గ పొటెన్షియల్‌తో నడిపితే 0.145 వచ్చింది, అది సరైనదే, కాబట్టి కోడ్ మొత్తం తప్పు కాదు. ఈ సిద్ధాంతంలో తరంగ వేగం కాంతి వేగమే కాబట్టి అనుమానం అటు పోవట్లేదు.

ఒక్కటి గమనించాను: ఆ సమయంలో ఎఫ్ విలువ దాదాపు 73, నా తేడా కూడా అంతే! బంచ్-డేవిస్ తొలి షరతులో (తరంగం మొదట క్వాంటమ్ శూన్య స్థితిలో ఉందనే షరతు) మామూలు ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో లాగే స్కేల్ ఫ్యాక్టర్‌తో (విశ్వం పరిమాణం చెప్పే అంకె) మాత్రమే భాగించాను. అక్కడ ఎఫ్ వర్గమూలంతో కూడా భాగించాలా?