తెలుగు విశ్వవిద్యాలయం: నాంపల్లిలో ఏవి ఉండాలి, బాచుపల్లికి ఏవి వెళ్ళాలి?

నాంపల్లి సాయంత్రం (చర్చ ప్రారంభం; ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి కలం పేరు)

హైదరాబాదు శివారు బాచుపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయానికి కొత్త ప్రాంగణం కట్టిన తరువాత, అన్ని శాఖలూ అక్కడికే వెళ్ళాలని కొందరు, నగరం నడిబొడ్డున పాత ప్రాంగణం ఉన్న నాంపల్లిని వదలకూడదని మరికొందరు గట్టిగా అంటున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సంగీతం, నృత్యం, రంగస్థలం, శిల్పం, ముఖ్యంగా సాయంకాలపు కోర్సులు నాంపల్లిలోనే కొనసాగాలి.

ఈ సంస్థ పుట్టుకను గుర్తు చేసుకుంటే నేనెందుకు ఇలా అంటున్నానో తెలుస్తుంది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1985 డిసెంబరు 2న దీనిని స్థాపించినప్పుడు ఖాళీ నేల మీద కొత్తగా మొదలుపెట్టలేదు. సాహిత్య అకాడమీ, సంగీత నాటక అకాడమీ, నృత్య అకాడమీ, లలిత కళా అకాడమీ, తెలుగు భాషా సమితి, అంతర్జాతీయ తెలుగు సంస్థ వంటి అప్పటి సంస్థలను కలిపి ఈ విశ్వవిద్యాలయాన్ని ఏర్పరచారు. ఆచార్య తూమాటి దొణప్ప తొలి ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్) అయ్యారు. అకాడమీలు పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థలు కావు. పుస్తకాలు వేయడం, కళాకారులను ఆదరించడం, సభలు జరపడం, ఊరి జనానికీ కళకూ మధ్య దారి వేయడం వాటి పని. ఆ బాధ్యతలన్నీ విలీనంతో పాటు విశ్వవిద్యాలయానికి వారసత్వంగా వచ్చాయి. కాబట్టి దీనిని తరగతి గదుల లెక్కతో మాత్రమే చూసి ఎక్కడికైనా మార్చవచ్చుననడం, సగం సంస్థను మరిచిపోయి మాట్లాడడమే అవుతుంది.

పబ్లిక్ గార్డెన్స్ అంచున, శాసనసభకూ లలిత కళా తోరణానికీ దగ్గరలో, రవీంద్రభారతికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ఈ చోటు ఆ పనికి తగినది. రైలు దిగినవారు, ఆఫీసు ముగించుకున్నవారు, గోడ మీద కాగితం చూసి లోపలికి వచ్చినవారు కూడా ఎన్టీఆర్ కళామందిరంలో కూర్చుని ఒక హరికథ వినగలుగుతారు.

రాతిపని

మీ ఆవేదన అర్థమైంది గానీ, మీరు ప్రేక్షకుడి కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నారు. నేను శిల్పం నేర్చుకున్నవాణ్ణి. ఏ కళాశాలలో అన్నది ఇక్కడ అనవసరం, నగరం నడిమధ్యన ఇరుకుగా ఉన్న కళాశాల అని మాత్రం చెబుతాను. మూడడుగుల నల్లరాయిని లారీ నుంచి దించడానికి మాకు చోటు లేక గేటు బయటే దించుకుని, అయిదుగురం కలిసి ఇనుప గొట్టాల మీద దొర్లించుకుంటూ లోపలికి తెచ్చుకునేవాళ్ళం. ఉలి దెబ్బ మొదలైతే పక్క గదిలో పాఠం ఆగిపోయేది. అందువల్ల అందరూ వెళ్ళిపోయాక పని చేసుకోమనేవారు. రాతిని ఎప్పుడు పడితే అప్పుడు చెక్కలేము. పొర ఎటు నడుస్తుందో, చీలిక ఎక్కడ దాగి ఉందో పగటి వెలుగులోనే కంటికి అందుతుంది. ఆ కారణంగా నా సహాధ్యాయులు కొందరు రాయిని వదిలి మట్టికీ ప్లాస్టర్‌కూ మళ్ళారు. చోటు లేకపోవడం వల్ల ఒక విద్యార్థి తన మాధ్యమాన్నే మార్చుకోవలసి రావడం చిన్న నష్టం కాదు.

నగరానికి దూరమైతే కళ ఎండిపోతుందనే మాటకు చరిత్రలో ఆధారం తక్కువ. ఇదే విశ్వవిద్యాలయం చరిత్ర, పురావస్తు అధ్యయనాన్ని శ్రీశైలంలో పెట్టింది. సాహిత్య పీఠాన్ని రాజమహేంద్రవరంలో, జానపద గిరిజన విజ్ఞాన పీఠాన్ని వరంగల్లులో నెలకొల్పింది. కూచిపూడి గ్రామంలో నాట్యం నేర్పే సిద్ధేంద్ర కళాక్షేత్రాన్ని తనలో కలుపుకుంది. వీటిలో ఏదీ నాంపల్లి కాదు కదా! విశాలమైన వసతి గృహం, సాధన మందిరం, రాతిపని చేసుకునే షెడ్డు ఉన్నచోట చదువుకునే హక్కు జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు లేదా?

హార్మోనియం

నేను పగలు ఉద్యోగం చేసి సాయంత్రం పద్యనాటకం నేర్చుకున్నాను. ఇలాంటి కోర్సులు ఎవరి కోసమో తెలియనివారికి ఒక్క మాట: లలిత సంగీతం, మిమిక్రీ, ఇంద్రజాలం వంటివి నేర్చుకోవడానికి వచ్చేవారిలో పగలంతా చేతినిండా పని ఉన్నవారే ఎక్కువ. మా వరుసలో బ్యాంకు ఉద్యోగి, దర్జీ, బడి పంతులు పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. మాస్టారు హార్మోనియం మీద శ్రుతి పట్టి రాయబారం పద్యం ఎత్తుకోమనేవారు. పగలంతా కుట్టు మిషను ముందు వంగి కూర్చున్న ఆ దర్జీ లేచి, వెన్ను నిటారుగా నిలిపి రాగం తీస్తే గదిలో ఎవరూ కదిలేవారు కాదు.

ఆయన దుకాణం మూసి నాంపల్లికి రాగలడు. బాచుపల్లికి ఇరవై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, పాఠం విని, మళ్ళీ పాతబస్తీకి చేరడం ఆయన వల్ల కాదు. మెట్రో ఉంది కదా అంటారు. ఎల్‌బీ నగర్ వైపు నుంచి వచ్చే ఆ దారిలో నాంపల్లి, అసెంబ్లీ స్టేషన్లు రెండూ ఉన్నాయి, కానీ అది మియాపూర్‌లో ఆగిపోతుంది. అక్కడి నుంచి బాచుపల్లికి మళ్ళీ బస్సో ఆటోనో పట్టుకోవాలి.

పాత సంచికలు

చర్చ ప్రారంభించిన వారి వాదనలో ఒక మెలిక ఉంది, దానిని విప్పకుండా ముందుకు పోలేము. అకాడమీల బాధ్యతలు విశ్వవిద్యాలయానికి వారసత్వంగా వచ్చాయన్నారు. ఆ విలీనమే పొరపాటని నేను నమ్ముతాను. 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, దేవులపల్లి రామానుజరావు గారి వంటి వారి కార్యదక్షతతో, విశ్వవిద్యాలయాలు పూనుకోని పనులను తలకెత్తుకుంది. మాండలిక వృత్తి పదకోశాలనే తీసుకోండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. నాగలిలో ఒక్కొక్క భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో రైతుల నోటి నుంచి సేకరించిన ఆ పుటలు ఇప్పటికీ నా బల్ల మీద ఉంటాయి. ఆ పనికి సెమిస్టరు గడువు లేదు, హాజరు పట్టిక లేదు. విశ్వవిద్యాలయంలో కలిసిన తరువాత ఇలాంటి దీర్ఘకాలిక కృషి, ప్రవేశాలూ పరీక్షలూ నియామకాలతో పోటీ పడవలసి వచ్చింది.

తెలంగాణలో 2017లో సాహిత్య అకాడమీ మళ్ళీ విడిగా ఏర్పడిందంటే, రెండు పనులూ ఒకే గూటిలో ఇమడవని ఒప్పుకున్నట్లే. కాబట్టి బోధన బాచుపల్లికి వెళ్ళనివ్వండి, సభల భారాన్ని అకాడమీలకు వదిలేయండి.

విద్యార్థుల ప్రయాణం గురించి హార్మోనియం గారు చెప్పినదాన్ని మాత్రం నేను కాదనలేను.

నాంపల్లి సాయంత్రం

విలీనం గురించి పాత సంచికలు గారితో నాకు సగం ఏకీభావం ఉంది. పదకోశాల విషయంలో పూర్తిగా ఉంది. అయితే విలీనం వల్ల వచ్చిన ఒక మేలును ఆయన పక్కన పెట్టారు. కూచిపూడి కొన్ని కుటుంబాల పురుషుల విద్యగా ఎంతోకాలం నడిచింది. బయటి కులాల పిల్లలకూ ఆడపిల్లలకూ ఆ తలుపులు తెరవడానికి అంతకుముందే కొందరు గురువులు పూనుకున్నారు. దరఖాస్తు పెట్టి ఎవరైనా చేరదగిన కోర్సుగా దానిని నిలబెట్టడం మాత్రం ప్రభుత్వ విశ్వవిద్యాలయం వల్ల సాధ్యమైన పని. ఏ అకాడమీ పురస్కారమూ ఆ పని చేయలేదు.

రాతిపని గారి సమాధానం నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. ఆయన చూపిన ఉదాహరణలను మరొకసారి గమనించండి. చరిత్ర అధ్యయనం శ్రీశైలానికి వెళ్ళడానికి కారణం అక్కడి గుడి గోడలూ శాసనాలూ. జానపద విజ్ఞానం వరంగల్లుకు వెళ్ళడానికి కారణం చుట్టూ ఉన్న గాయకులు, కథకులు, గిరిజన గూడేలు. ఏ చదువుకు కావలసిన ముడిసరుకు ఎక్కడ ఉంటే ఆ చదువును అక్కడికి పంపారు. ఆ లెక్కన శిల్పానికి కావలసినది రాయి, వెలుగు, విశాలమైన చోటు గనుక అది బాచుపల్లికి వెళ్ళడమే న్యాయం. ఈ విషయంలో నా మొదటి మాటను సవరించుకుంటున్నాను. నాటకానికీ హరికథకూ కావలసినది ప్రేక్షకుడు, అతడు నాంపల్లిలో ఉన్నాడు.

హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలై గచ్చిబౌలికి వెళ్ళిపోయినా, ఆ పాత ఇంటిని రంగస్థల కార్యక్రమాలకు వాడుకుంది. అలాంటి ఏర్పాటు ఇక్కడెందుకు సాధ్యం కాదు?

రాతిపని

శిల్పం విషయంలో మీరు సవరించుకున్నందుకు సంతోషం. కానీ ఒక చిక్కు మిగిలింది. రంగస్థల విద్యార్థికి తెర గీసేది చిత్రకారుడు, ముఖానికి మాస్కు చేసేది శిల్పి. శాఖలను రెండు చోట్ల పెడితే వీళ్ళిద్దరూ ఒకరి పని ఒకరు చూసే రోజు వారానికి ఒకటైనా ఉండేలా చూడాలి. లేకపోతే కళలన్నిటికీ ఒకే విశ్వవిద్యాలయం అన్న పేరే మిగులుతుంది.

హార్మోనియం

వారానికి ఒక రోజు బస్సు వేస్తే ఆ చిక్కు తీరుతుందండీ. నాకు అంతకంటే పెద్దదిగా కనిపిస్తున్నది అధ్యాపకుల సంగతి. మాకు సాయంత్రం పద్యం చెప్పిన మాస్టారే పగలు రెగ్యులర్ తరగతులకూ చెప్పేవారు. పగటి తరగతులు బాచుపల్లిలో, సాయంత్రపు తరగతులు నాంపల్లిలో పెడితే అరవై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి రోజూ ఆ రెండింటి మధ్య తిరగాలా, లేక సాయంత్రపు కోర్సులకు వేరే గురువులను నియమిస్తారా? నియమించేటట్లయితే పద్యం పాడగలిగి, పాడించగలిగినవారు ఎంతమంది దొరుకుతారో ఇప్పుడే వెతకడం మొదలుపెట్టాలి.